నల్లరేగడి మీద గడ్డి పార్కింగు: పని డైరీ

చోటు నరసరావుపేట శివారు. నేల నల్లరేగడి. గేటు నుంచి వరండా మెట్టు దాకా 20 అడుగులు, అడ్డం 18 అడుగులు. మొత్తం 360 చదరపు అడుగులు, అంటే 40 గజాలు. రెండు కార్లు పట్టాలి. పడిన వాన అక్కడే దిగాలి. పైన పచ్చగా ఉండాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారంలో ఈ జాగా అంతా బురదై, కారు చక్రం సగం దాకా కూరుకుపోయింది. పని మొదలుపెట్టడానికి కారణం అదే.

గడ్డి పార్కింగు గురించి దొరికే కొలతల్లో ఎక్కువ భాగం ఇసుక నేలలకూ ఎర్రనేలలకూ పనికొచ్చేవి. రేగడి తడిస్తే పొంగుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఆ కొలతలే ఇక్కడ వాడితే రెండో వానాకాలానికి పైనున్నదంతా అలలు తేలుతుంది. పల్నాడు, గుంటూరు, ప్రకాశం, నంద్యాల వైపు నల్లనేలల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని ప్రతి కొలతా, ప్రతి మార్పూ రాసిపెడుతున్నాను.

దశ 1: నేల పరీక్ష (ఫిబ్రవరి)

1. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నీళ్లు నింపాను.
2. పావుగంటలో గుంట ఖాళీ.
3. మళ్లీ నింపి, రాత్రంతా నిండుగా ఉండేలా చూసి, పొద్దున స్కేలు పెట్టి కొలిచాను.
4. నాలుగు గంటల్లో నీటిమట్టం దిగింది పావు అంగుళం.

మొదటిసారి నీళ్లు పోయింది నేలలోకి కాదు, బీటల్లోకి. ఎండిన రేగడిలో వచ్చే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. బీటలు మూసుకున్నాక వచ్చే అంకే నిజం. పావు అంగుళం అంటే 6 మిల్లీమీటర్లు, గంటకు ఒకటిన్నర. రాత్రి 50 మి.మీ. వాన పడితే అది ఇంకడానికి ముప్పై గంటలకు పైనే పడుతుంది. కాబట్టి రాళ్ల పొర కింద నేలే తాగేస్తుందన్న ఆశ ఇక్కడ చెల్లదు. నీటికి వేరే దారి చూపించి తీరాలి. ఈ పనిలో గడ్డి కన్నా ముందు తేలాల్సిన లెక్క ఇదే.

అందరూ చెప్పే మరో మాట: రేగడి మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎర్ర గ్రావెల్ పరవాలి, పొంగు ఆగుతుంది. సూత్రం సరైనదే, గ్రావెల్ మంచిదైతే. కొనే ముందు ఒక బస్తా నమూనా తెప్పించి రెండు పరీక్షలు చేశాను.

1. సీసాలో మూడోవంతు గ్రావెల్, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి ఉంచాను. మర్నాటికి అడుగున ఇసుక, పలుకులు. వాటిపైన దాదాపు అంతే మందాన బంకమట్టి పేరుకుంది.
2. జల్లించిన మెత్తటి భాగాన్ని తడిపి అరచేతుల మధ్య తాడులా నులిమాను. 3 మి.మీ. సన్నం అయ్యాక కూడా చక్కగా సాగుతూనే ఉంది. పొంగని మట్టి అంత సాగదు, అంతకు ముందే పొడిపొడిగా విరిగిపోతుంది.

రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన గ్రావెల్ కాదు. అలాంటి మట్టి పోస్తే నల్ల బంక మీద ఎర్ర బంక పరిచినట్టే. మరో చోటు నుంచి తెచ్చిన నమూనా కూడా ఇంతే. గ్రావెల్ పొరను ప్లానులోంచి తీసేసి సున్నానికి మారాను. పక్కనే పిడుగురాళ్ల ఉంది, బట్టీల ఊరు, పొడి సున్నం దొరకడం కష్టం కాదు. రేగడిలో సున్నం కలిపితే బంక గుణం తగ్గి మట్టి పలుకులు కడుతుంది, పొంగు బాగా తగ్గుతుంది. రోడ్ల పనుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది.

మారిన పొరల లెక్క, కింది నుంచి పైకి:

- ఉన్న నేలలోనే పై 4 అంగుళాలు: సున్నం కలిపిన రేగడి
- 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) జియోటెక్స్‌టైల్ బట్ట, నీటిని వదిలి మట్టిని ఆపేది
- 40 మి.మీ. కంకర, 6 అంగుళాలు
- 20 మి.మీ. కంకర, 2 అంగుళాలు
- 6 మి.మీ. చిప్స్, 1 అంగుళం
- ప్లాస్టిక్ గ్రిడ్ (మట్టి నింపి గడ్డి పెంచే గడులున్న పలకలు), 2 అంగుళాలు

తవ్వాల్సిన లోతు 11 అంగుళాలు.

ఇప్పటిదాకా ఖర్చు: 0.

దశ 2: తవ్వకం, సున్నం (మార్చి)

రేగడిని తడి మీద తవ్వకూడదు. జేసీబీ చక్రాలకిందే నేల పిసికినట్టయి, ఆ గట్టిదనం తర్వాత పోదు. మరీ ఎండి బీటలు విడిచాక తవ్వినా కష్టమే: బీటల మధ్య ఖాళీ ఉండగా పైన పొరలు వేస్తే, వానకు మట్టి పొంగి ఆ ఖాళీలు పూడుకుని, మిగిలిన పొంగు పైకి తోస్తుంది. మార్చి మొదటి వారం మధ్యస్థంగా ఉంది. గుప్పిట్లో నొక్కితే ముద్ద అవుతుంది, కింద వేస్తే విరుగుతుంది. ఆ తేమ చాలు.

తవ్విన మట్టి గుంటలో 330 ఘనపుటడుగులు. బయటపడ్డాక వదులై 420 దాటింది. ట్రాక్టరుకు 100 ఘనపుటడుగుల లెక్కన మాట్లాడుకుంటే నాలుగు సరిపోవు, అయిదు పట్టాయి. గుంట లెక్క చూసి ట్రాక్టర్లు మాట్లాడుకుంటే కచ్చితంగా తక్కువ పడతాయి.

సున్నం లెక్క: 360 చదరపు అడుగులు, 4 అంగుళాల లోతు, 120 ఘనపుటడుగుల మట్టి. ఎండు బరువు అయిదు టన్నుల పైచిలుకు. అందులో 4 శాతం, అంటే 200 కిలోలు, 25 కిలోల బస్తాలు ఎనిమిది.

1. అడుగు భాగం 4 అంగుళాలు పవర్ వీడర్‌తో గుల్ల చేయాలి. గడ్డలు పిడికిలి కన్నా పెద్దవి ఉండకూడదు.
2. నేలను ఎనిమిది సమాన భాగాలుగా సున్నం గీతలు గీసి, భాగానికో బస్తా చల్లాలి. కుప్పలు పోసి పరిస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది.
3. కలిపి, నీళ్లు చిలకరించి, ఒక రోజు పైన అలా వదిలేయాలి.
4. మళ్లీ కలపాలి. ఈసారికి గడ్డలు చేత్తోనే నలుగుతాయి. సున్నం పనిచేసిందనడానికి మొదటి గుర్తు అదే.
5. వాలు సరిచూసి ప్లేట్ కాంపాక్టర్‌తో కుదించాలి. మూలల్లో దిమ్మిసాతో.
6. వారం రోజులు గోనె పట్టాలు కప్పి తడి ఆరకుండా చూడాలి.

కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా సున్నం జోలికి పోవద్దు. గాలి తిరిగితే నేరుగా కళ్లలోకి వస్తుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

పరీక్ష సులువు. వారం తర్వాత సున్నం కలిపిన గడ్డ ఒకటి, కలపని గడ్డ ఒకటి ఎండబెట్టి రెండు గ్లాసుల నీళ్లలో వేశాను. కలపనిది కాసేపట్లో విచ్చుకుని అడుగున బురదైంది. కలిపినది మర్నాటికీ గడ్డలాగే ఉంది. జేసీబీ నడిపే అబ్బాయి చూసి "అన్నా, ఇదేదో రాయయిపోయిందే!" అన్నాడు. తన ఇంటి ముందు కూడా ఇలాగే చేస్తానని బస్తా ధర అడిగి వెళ్లాడు.

అడుగు వాలు వరండా వైపు నుంచి గేటు వైపుకి, ప్రతి 8 అడుగులకూ అంగుళం. 20 అడుగులకు రెండున్నర అంగుళాలు. లెవెల్ ట్యూబుతో చూసుకోవాలి. రసమట్టం ఇంత పొడవుకు సరిపోదు.

ఖర్చు: జేసీబీ 2,600, ట్రాక్టర్లు 4,500, సున్నం 2,000, వీడర్ అద్దె 900.
ఇప్పటిదాకా: రూ. 10,000.

దశ 3: గట్టు, గొట్టం, ఇంకుడు గుంత (మార్చి చివర, ఏప్రిల్)

గ్రిడ్ పక్కలకు జారకుండా చుట్టూ గట్టు కావాలి. మాచర్ల నాపరాళ్లు నిలువుగా పాతి, అడుగున 4 అంగుళాల కాంక్రీటు వేశాం. సున్నం పొరకు పట్టిన తడి గట్టు బయటి రేగడికీ చేరింది. ఆ మట్టి పొంగి, తూర్పు వైపు గట్టు ఆరడుగుల మేర అర అంగుళం లోపలికి వాలింది. నూలు దారం కట్టి చూస్తే స్పష్టంగా తెలిసింది. ఆ వైపంతా తీసి, 9 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు కాంక్రీటు దిమ్మలో రాయిని బిగించి, బయట జానెడు వెడల్పున రేగడి తీసేసి కంకర నింపాం. పొంగే మట్టికి ఆ కంకరలో చోటు దొరుకుతుంది, రాయిని నెట్టదు. ఆ తర్వాత వానాకాలమంతా దారం కట్టి చూస్తూ వచ్చాను, కదల్లేదు.

మేస్త్రి గారికి ఈ పని మొదట్నుంచీ నచ్చలేదు. "ఇంత అవస్థ ఎందుకండీ, నాలుగంగుళాలు కాంక్రీటు పోస్తే రెండ్రోజుల్లో అయిపోద్ది" అన్నారు. మా వీధిలోనే రేగడి మీద నేరుగా పోసిన రెండు గచ్చులు అడ్డంగా చీలి ఉన్నాయి. వాటి మీద పడిన ప్రతి చుక్కా రోడ్డు మీదికే వస్తోంది. ఆ రెండూ చూపించాక ఆయన వాదన ఆపి, గొట్టానికి వాలు నాకన్నా శ్రద్ధగా చూశారు.

ఇంటి వైపు జాగ్రత్త ముఖ్యం. కంకరలో నిలిచిన నీరు పునాది కింద రేగడిని తడిపితే గోడలు చీలతాయి. వరండా అంచున రెండడుగుల లోతు కందకం తీసి మందపాటి పాలిథిన్ పట్టా నిలువుగా దించి మట్టి కప్పాం. నీళ్లన్నీ గేటు వైపుకే నడవాలి.

గేటు వైపు అడుగున 4 అంగుళాల పీవీసీ గొట్టం:

1. 8 మి.మీ. బిట్‌తో రెండు వరసల బెజ్జాలు, బెజ్జానికీ బెజ్జానికీ 4 అంగుళాలు.
2. బెజ్జాలు కింది వైపు పక్కలకు ఉండాలి. పైకి ఉంటే గొట్టం మునిగేదాకా నీళ్లు లోపలికి రావు.
3. గొట్టం చుట్టూ 20 మి.మీ. కంకర, ఆ కంకర చుట్టూ బట్ట. బట్టను నేరుగా గొట్టానికి చుడితే బెజ్జాల దగ్గర బురద పట్టి మూసుకుపోతుంది.
4. వాలు 100కు 1.

ఇంకుడు గుంత ఇంటికి 15 అడుగులకు పైగా దూరంలో, గేటు మూల. మూడడుగుల వెడల్పు సిమెంటు వరలు ఎనిమిది. నాలుగడుగుల దగ్గర ఆపుదామనుకున్నాం కానీ అక్కడా నల్లమట్టే. అందులో గుంత తీస్తే తొట్టి కట్టినట్టే, ఇంకదు. ఏడడుగుల దగ్గర సున్నపు పలుకులు కలిసిన పసుపు మట్టి తగిలింది. నీళ్లు పోసి చూస్తే అక్కడ గంటకు రెండు అంగుళాలు దిగింది. రేగడి పొర దాటేదాకా తవ్వడం ఒక్కటే మార్గం. గుంత పై అంచు నుంచి రోడ్డు కాలువకు పొర్లు గొట్టం కూడా పెట్టాం. గుంతలో పట్టే నీరు సుమారు 1,600 లీటర్లు.

ఖర్చు: పాలిథిన్ 1,000, గొట్టాలు 2,200, వరలు 4,400, రాళ్లు, సిమెంటు, ఇసుక 5,900, కూలి 4,800. మొత్తం 18,300.
ఇప్పటిదాకా: రూ. 28,300.

దశ 4: కంకర (ఏప్రిల్)

40 మి.మీ. కంకర గుంట లెక్క 180 ఘనపుటడుగులు. కుదింపుకు కలుపుకుని రెండు యూనిట్లు, అంటే 200. 20 మి.మీ. 70, చిప్స్ 40. మూడూ క్రషర్ రాయే కావాలి. ఏటి గులకరాయి ఎంత కుదించినా చక్రం కింద దొర్లుతుంది. డస్టు కలవని కంకర అని ముందే గట్టిగా చెప్పాలి. డస్టు రాళ్ల మధ్య ఖాళీలు నింపేస్తే నీటికి చోటుండదు.

ఆ ఖాళీల లెక్క ఇది. రెండు కంకరలూ కలిపి 8 అంగుళాలు, 240 ఘనపుటడుగులు. ఖాళీ 40 శాతం అనుకుంటే 96 ఘనపుటడుగులు, దాదాపు 2,700 లీటర్లు. ఈ జాగాలో ఒక మి.మీ. వానకు 33 లీటర్లు పడతాయి. అంటే గొట్టంలోకి ఒక్క చుక్క పోకపోయినా 80 మి.మీ. వాన కంకరలోనే ఆగుతుంది. మేడ మీది నీటి గొట్టాన్ని ఇందులోకి కలపొద్దు, ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

40 మి.మీ. కంకరను 3 అంగుళాల చొప్పున రెండు పొరలుగా వేసి కుదించాం. ఆరంగుళాలు ఒకేసారి పోస్తే పై సగమే బిగుస్తుంది. కాంపాక్టర్ నడుస్తుంటే మొదట్లో రాళ్లు కదిలిన చప్పుడు వస్తుంది, బిగిశాక యంత్రమే ఎగురుతున్నట్టు గట్టిగా కొడుతుంది. చప్పుడు మారేదాకా ఆపొద్దు.

పొరలు పూర్తి చేసే ముందు బకెట్ పరీక్ష చేశాను. అడుగున బెజ్జాలున్న బకెట్లో 20 మి.మీ. కంకర, దానిపైన అంగుళం చిప్స్, పైన గడ్డికి వేయబోయే ఇసుకమట్టి. చెంబుతో నీళ్లు పోస్తే కింద తొట్టిలో ఇసుక దిగుతూనే ఉంది. పై మట్టి ఒక్కపూటలో ముప్పావు అంగుళం కుంగింది. ఇదే నేలలో జరిగితే తొలి వానలకే గడులన్నీ గుల్లలవుతాయి, కంకర ఖాళీలు మట్టితో నిండుతాయి. చిప్స్ కింద 100 జీఎస్‌ఎం సన్నబట్ట వేసి మళ్లీ చూస్తే కిందికి తేటనీరే వచ్చింది. ప్లానులో లేని రెండో బట్ట అలా చేరింది. గడ్డి వేర్లు ఆ సన్నబట్టను దాటగలవు. మందం బట్ట అక్కడ వేయకూడదు.

చిప్స్ పరవడానికి అంగుళం మందం పైపులు రెండు నేలమీద పట్టాల్లా పెట్టి, వాటి మీద అల్యూమినియం బద్ద లాగి, పైపులు తీసి ఆ గాళ్లు పూడ్చాం. గ్రిడ్ ఎంత సమంగా కూర్చుంటుందనేది ఈ అంగుళమే తేలుస్తుంది.

మూలలో 2 అంగుళాల పీవీసీ గొట్టం నిలువుగా బట్ట దాకా దించి పైన మూత పెట్టాను. అందులో చెక్క స్కేలు దించితే కంకరలో నీరెంత ఉందో తెలుస్తుంది. దీనికి అయిన ఖర్చు చెప్పుకోదగింది కాదు, తర్వాత వచ్చిన సమాచారమంతా దీన్నుంచే. దయచేసి మానొద్దు.

ఖర్చు: బట్టలు రెండూ 3,950, కంకర, చిప్స్ 13,700, కాంపాక్టర్ అద్దె 3,000, కూలి 4,800. మొత్తం 25,450.
ఇప్పటిదాకా: రూ. 53,750.

దశ 5: గ్రిడ్ (మే)

హెచ్‌డీపీఈ గ్రిడ్, అర మీటరు చదరం పలకలు, 50 మి.మీ. ఎత్తు. ఇక్కడే అడుగులకూ మిల్లీమీటర్లకూ పేచీ. 18 అడుగులంటే 5,486 మి.మీ., 11 పలకలంటే 5,500. ఆ 14 మి.మీ. కోసం ఒక వరస మొత్తం కోయాలి. గ్రిడ్ ఎంచుకుని, పలక కొలత చేతిలో పెట్టుకుని, ఆ తర్వాతే గట్టు గీత గీయండి. పలకల మొత్తానికి రెండు పక్కలా అంగుళం చొప్పున కలిపితే గట్టు లోపలి కొలత వస్తుంది. నా లెక్కన అది 5,550 అయి ఉండాలి.

కోతకు గ్రైండర్ వాడితే ప్లాస్టిక్ కరిగి బిళ్లకు అంటుకుంది. హాక్సా బ్లేడే శుభ్రంగా కోసింది, నెమ్మదే అయినా.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, కోసిన వరసను గట్టుకు ఆనించి, పలకలన్నీ క్లిప్పులతో బిగించాం. మధ్యాహ్నానికి నడుమ బెత్తెడు ఎత్తున లేచింది. నిలబడితే దిగుతుంది, పక్కన ఇంకోచోట లేస్తుంది. కారణం ఎండ. ఈ ప్లాస్టిక్ ఉక్కు కన్నా పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. నల్ల పలక వేడి పొద్దుటికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీలు పెరిగితే, ఆరు మీటర్ల పొడవుకు అంగుళం పైన సాగుతుంది. రెండు పక్కలా రాతిగట్టు ఉంటే ఆ అంగుళానికి పైకి తప్ప దారి లేదు.

మార్చింది:

1. కోసిన వరసలోంచి ఇంకో గడి వరస తీసేసి, రెండు పక్కలా అంగుళం చొప్పున సందు వదిలాం.
2. పొడవు వైపు 12 పలకలు 6,000 మి.మీ., చోటు 6,096. అక్కడ సందు ముందే ఉంది.
3. మళ్లీ పరిచింది మధ్యాహ్నం, పలకలు సాగి ఉన్నప్పుడు. చల్లబడితే క్లిప్పుల దగ్గర కొద్దిగా వదులవుతాయి, దాంతో నష్టం లేదు.
4. అదే సాయంత్రం గడుల్లో మట్టి సగం నింపాం. మట్టి పడ్డాక పలక నేరుగా ఎండకు కాగదు, బరువుకు లేవదు.
5. సందుల్లో చిప్స్ పోశాం.

ఖాళీ గ్రిడ్ మీద కారు ఎక్కించొద్దు. గడి గోడకు బలం లోపలి మట్టి నుంచే వస్తుంది.

ఖర్చు: అదనపువి కలిపి 140 పలకలు 32,200, రవాణా 1,900. మొత్తం 34,100.
ఇప్పటిదాకా: రూ. 87,850.

దశ 6: మట్టి, గరిక (జూన్)

మట్టి పాళ్లు: ఇసుక ఆరు, జల్లించిన ఎర్రమట్టి రెండు, వర్మీకంపోస్టు రెండు. రేగడి ఒక్క తట్ట కూడా కలపొద్దు, చక్రం కింద అచ్చులా గట్టిపడుతుంది. పశువుల ఎరువు చవకే కానీ దాంతో కలుపు విత్తనాలు వస్తాయి. ఎర్రమట్టిని అర అంగుళం జల్లెడ పట్టినా తుంగ గడ్డలు కొన్ని దిగాయి. పావు అంగుళం జల్లెడ అయితే ఆగేవి. తుంగ ఇప్పటికీ అక్కడక్కడా లేస్తూనే ఉంది. గ్రిడ్ మధ్యలోంచి గడ్డతో సహా లాగడం కుదరదు, సన్నటి స్క్రూడ్రైవరుతో కుళ్లగించి తీయాలి.

గడుల్ని నిండా నింపకూడదు. తడిపి కుంగాక పై అంచుకు 10 మి.మీ. కింద ఆగాలి. గడ్డి మొదలు ఆ అంచు కింద దాగితే టైరు ప్లాస్టిక్ మీద నడుస్తుంది, మొదలు నలగదు. ఒక మూల నర్సరీ కార్పెట్ గడ్డిని గ్రిడ్ పైన పరిచి చూశాం. అది అంచుకు పైన కూర్చుని, మొదటిసారి టైరెక్కగానే చిరిగింది. తీసేశాం.

వేసింది గరిక. పాకే కాడ, భూమిలో పాకే దుంపవేరు రెండూ ఉన్న గడ్డి, తొక్కుడుకు తట్టుకుంటుంది, ఎండిపోయినట్టు కనిపించి వానకు లేస్తుంది. నర్సరీల్లో దొరికే బెర్ముడా రకాలు దీని బంధువులే. రెండు మూడు కణుపులున్న ముక్కలు, గడి విడిచి గడిలో ఒక్కొక్కటి, ఒక కణుపు మట్టిలోకి. నైరుతి వానలు కుదురుకున్నాక నాటితే నీళ్ల శ్రమ సగం తగ్గుతుంది.

నీళ్ల లెక్క: ఈ రెండంగుళాల ఇసుకమట్టి వేర్లకు ఇవ్వగల నీరు 5 మి.మీ. దరిదాపు, జాగా మొత్తానికి 165 లీటర్లు. ఎండాకాలంలో అది ఒక్క రోజుకే చాలదు. వేర్లు సన్నబట్ట దాటి కిందికి దిగేదాకా రోజూ తడపక తప్పదు.

నాటిన నెలకు యూరియా చదరపు మీటరుకు 10 గ్రాములు, మొత్తం 330 గ్రాములు, వాన ముందు చల్లాను. ఎనిమిది వారాలు బండి ఎక్కనివ్వలేదు. తర్వాత ఒక్కో మూల కాడ పట్టుకుని లాగి చూశాను. మట్టితో కలిసి ఊడి రాకుండా కాడే తెగితే సిద్ధమైనట్టు.

ఖర్చు: ఇసుక 1,750, ఎర్రమట్టి 1,200, కంపోస్టు 2,800, గరిక 2,400, కూలి 3,000. మొత్తం 11,150.
ఇప్పటిదాకా: రూ. 99,000.

దశ 7: వానలు (ఆగస్టు నుంచి)

నిలువు గోడల డబ్బా ఆరుబయట పెట్టి వాన, మూల గొట్టంలో స్కేలుతో కంకర నీరు కొలుస్తూ వచ్చాను.

- 48 మి.మీ. వాన: తెల్లవారేసరికి కంకరలో ఒకటిన్నర అంగుళం. గుంత నిండింది, పొర్లలేదు. సాయంత్రానికి కంకర ఖాళీ.
- ఆగస్టు 31న విజయవాడను ముంచిన వాన ఇక్కడా గట్టిగానే పడింది. డబ్బాలో 92 మి.మీ. కంకరలో 5 అంగుళాలు. గుంత పొర్లి కాలువలోకి పోయింది. గడ్డి మీద నీరు నిలవలేదు. కంకర పూర్తిగా ఖాళీ కావడానికి మర్నాటి రాత్రి అయింది.

ఆ 5 అంగుళాలు గ్రిడ్ అడుగుకు ఇంకా నాలుగంగుళాలు కిందే ఉన్నాయి. గొట్టం లేకుండా నేలనే నమ్ముకుంటే ఈ వానకు కంకర నిండి, గడ్డి వేర్లు నీళ్లలో నానేవి.

వినాయక చవితికి వీధిలో పిల్లలు గరిక కోసం వచ్చారు. మందులేమీ కొట్టలేదు కాబట్టి నిశ్చింతగా కోసుకోమన్నాను.

దశ 8: చక్రాల కింద (అక్టోబరు నుంచి)

గేటు దగ్గర మొదటి రెండు వరసలు పాడయ్యాయి. బండి అక్కడే ఆగుతుంది, ఆగినచోటే స్టీరింగు తిరుగుతుంది. క్లిప్పులు విరిగి, గడ్డి మెలిపడి ఊడింది. రెండుసార్లు నాటినా నిలవలేదు. గడ్డికి కాని చోట గడ్డి పెట్టి లాభం లేదనిపించి, ఆ మీటరు వెడల్పూ 60 మి.మీ. పేవర్ బ్లాకులకు మార్చాం. గ్రిడ్ 50 కాబట్టి చిప్స్ 10 మి.మీ. గీకి తీస్తే మట్టం సరిపోయింది. అమ్మ మొదట్నుంచీ "ఒరేయ్ కన్నా, అంతా గడ్డే అయితే ముగ్గెక్కడ వెయ్యన్రా?" అంటూనే ఉంది. ధనుర్మాసానికి ముందే ఆవిడ చోటు ఆవిడకు దొరికింది.

ఖర్చు 4,600.
మొత్తం: రూ. 1,03,600. చదరపు అడుగుకు 288, గజానికి 2,590. మామూలు సిమెంటు గచ్చు ఇంతకన్నా చవక.

నాన్న కారు వారాల తరబడి కదలదు. దాని కింద గరిక పాలిపోయి చచ్చిపోయింది. గరికకు నిండు ఎండ కావాలి. రోజంతా కదలని బండి కింద ఏ గడ్డీ నిలవదు, నీడ గడ్డి అని అమ్మేవి కూడా. ఆ కారు నిలిచే చోట రెండు చక్రాల మధ్య పట్టీ గడుల్లో మట్టి తీసి, మిగిలిన చిప్స్ నింపాం. నీరు దిగడంలో తేడా రాలేదు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండి నిలిచే చోటు మాత్రం పచ్చగా ఉంది.

మోటారుసైకిలు పక్క స్టాండు గడిలో దిగబడి బండి వాలుతోంది. స్టాండు పడేచోట గడుల మట్టంలో జానెడు నాపరాయి ముక్క కూర్చోబెడితే సరిపోయింది. నీళ్ల ట్యాంకర్ మాత్రం గేటు బయటే. ఈ పొరలు కార్ల బరువుకు వేసినవి.

ఏటా చేయాల్సినవి:

1. వానలకు ముందు ఇంకుడు గుంత అడుగు బురద తీయాలి, గొట్టంలోకి పైపుతో నీళ్లు వదలాలి.
2. మట్టి కుంగిన గడుల్లో అదే పాళ్ల మట్టి, 10 మి.మీ. అంచు వదిలి.
3. గడ్డి అంగుళంన్నర ఎత్తున కోయాలి. బ్లేడు దించితే గ్రిడ్‌కు తగులుతుంది.
4. గట్టు వెంట దారం కట్టి చూడాలి, ఒకసారి మేలో, ఒకసారి నవంబరులో.
5. మిగిలిన పలకలు నీడలో దాచాలి. తీసిన రెండు వరసలు, అదనపువి కలిపి పాతిక దాకా ఉన్నాయి, మరమ్మతులకు ఏళ్లపాటు సరిపోతాయి.